పశుపాలనము చేతితో నేర్వవలసిన విద్య

ఏ వృత్తికైనను రెండు తెఱగుల జ్ఞానము కావలయును. ఒకటి పుస్తకమువలన వచ్చునది. రెండవది పనివలన వచ్చునది. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బోధనాశాస్త్రమును ఎంత శ్రద్ధగా చదివినను, అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడు వెనుక బల్లమీద కూర్చుండి చూచుచుండగా పిల్లల యెదుట పాఠములు చెప్పి చూపనిదే యెవరికిని యోగ్యతాపత్రము నియ్యరు. వైద్యుడును రోగి మంచము చెంతనే వైద్యము నేర్చుచున్నాడు. ఇట్లుండగా, లక్షలకొలది కుటుంబములకు కూడు పెట్టుచున్న పశుపాలనమును మాత్రము ఎవరికి వారే యెట్లో నేర్చుకొందురని మనము ఊరకుండుట న్యాయమా? క్రొత్తగా మందను పెంచబూనువారికిని, మంద మేయు నేలను కాపాడబూనువారికిని, నిపుణుడైన కాపరి చేతిక్రింద ఒక పూర్తి సంవత్సరము పనిచేయు శిక్షణము ఏర్పడవలెనని నా యభిప్రాయము. దానికి గల కారణములను ఇచ్చట విన్నవించెదను.

ఈ విషయము మన ప్రాంతమునకు మిక్కిలి సంబంధించినది. 2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము దేశములోని 7 కోట్ల 40 లక్షలకు పైబడిన గొఱ్ఱెలలో తెలంగాణములో ఇంచుమించు 1 కోటి 90 లక్షలును, ఆంధ్రప్రదేశములో ఇంచుమించు 1 కోటి 76 లక్షలును ఉన్నవి. అనగా దేశపు గొఱ్ఱెలలో దాదాపు సగము తెలుగునాటనే మేయుచున్నవి. పట్టణములలో ఉద్యోగము దొరకక తిరిగి వచ్చిన చదువుకొన్న యువకులు పలువురు నేడు ఈ వృత్తివైపు చూచుచున్నారు. 2021లో సవరింపబడిన నేషనల్ లైవ్‌స్టాక్ మిషను క్రింద కేంద్ర ప్రభుత్వము గొఱ్ఱెల మేకల పెంపకమునకు, 50 లక్షల రూపాయలకు మించకుండ, పెట్టుబడిలో సగమువఱకు సహాయము చేయుచున్నది. సహాయము కోరువారికి శిక్షణముగాని అనుభవముగాని ఉండవలెనను నిబంధనయు కలదు. కాని శిక్షణమనగా మనవారు కొలది దినముల ఉపన్యాసములనే తలచుచున్నారు. మూడు దినములు బోధనాశాస్త్రము విన్నవానికి ఒక తరగతిని అప్పగింపము. అట్టివానికే వంద గొఱ్ఱెలను, వానితోకూడ బ్యాంకు ఋణమును అప్పగించుచున్నాము. తరగతిలోని లోపమును మఱుసటి సంవత్సరము దిద్దుకొనవచ్చును. చచ్చిన గొఱ్ఱె తిరిగి లేవదు. ఋణమో, వడ్డీతో పెరుగుచునే యుండును.

మందవెంట తిరిగినవానికి తెలిసిన సంగతులు ఎట్టివో కొన్నింటిని చెప్పెదను. నోరు తెఱచి పండ్లు చూచి గొఱ్ఱె వయస్సు చెప్పుట; నడకలోను, చెవులు వ్రేలాడుటలోను, పెంటికల రూపములోను రోగమును మొదటి దినముననే పసిగట్టుట; నెమరు వేయక ఒంటరిగా నిలిచినదానిని గుంపునుండి వేఱుపఱచుట; ఈనుచున్న గొఱ్ఱె చెంత ఎప్పుడు ఊరకుండవలెనో, ఎప్పుడు చేయి వేయవలెనో ఎఱుగుట; పుట్టిన పిల్లచేత ఆలస్యము లేక జున్నుపాలు త్రాగించుట; పిల్లను చేరనీయని తల్లిని బుజ్జగించి పాలిప్పించుట. వీనిని పుస్తకములో వ్రాయవచ్చును, ఉపాధ్యాయుడు చెప్పవచ్చును. కాని చీకటిలో, వానలో, చేతులు తడిసియుండగా చేసినప్పుడే అవి విద్యయగును.

అట్లని శాస్త్రము అక్కఱలేదని నేననుట లేదు. మంచు ఆరకమునుపు మందను మేతకు తోలరాదని మన పెద్దకాపరులు చెప్పుదురు. తడిసిన గడ్డిపరకలమీదికి నట్టల పిల్లపురుగులు ప్రాకి గొఱ్ఱెల కడుపులోనికి పోవునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇద్దరు చెప్పినది ఒక్కటే. చెఱువు అంచున ఊటనేలమీద మేపిన మంద చిక్కిపోవునని కాపరి ఎఱుగును; ఆ తడిలోని నత్తలవలన కార్జపు జలగ సంక్రమించునని పశువైద్యుడు ఎఱుగును. తొలకరి పచ్చిక మేసిన వెనుక మందలో బలిసిన గొఱ్ఱెలే హఠాత్తుగా పడిపోవు చిటుక రోగమునకు మాత్రము అనుభవమొక్కటే చాలదు. వానలకు ముందే టీకా వేయింపవలెను. కావున క్రొత్తవానికి కాపరి యొక గురువు, పశువైద్యుడు రెండవ గురువు కావలయును.

నేల సంగతియు ఇట్టిదే. పచ్చిగడ్డిని పశువు కొఱికిన తరువాత మరల చిగిర్చుటకు దానికి విశ్రాంతి కావలయును. చిగిర్చిన వెంటనే మరల మరల మేపినయెడల వేళ్లు బలహీనమై గడ్డి చచ్చును, నేల బట్టబయలగును, తరువాతి వాన మట్టిని కోసికొనిపోవును. అనంతపురము వంటి మెట్టసీమలో సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వానయే కురియును. అట్టిచోట ప్రతి వానచుక్కను నేలలో నింకించుకొనుట పశుపాలకుని మొదటి పని. బీడును భాగములుగా చేసి ఒకదాని తరువాత నొకదానిని మేపుట, ఎప్పుడు మందను తీసివేయవలెనో గడ్డి యెత్తును చూచి నిర్ణయించుట, వాలునకు అడ్డముగా గట్టు వేయుట, రాత్రులయందు రైతుల పొలములలో మందను నిలిపి ఎరువు చేకూర్చుట, ఇవి యన్నియు కన్నును చేయియు కలిసి నేర్చుకొనవలసినవి. ఈ సంవత్సరము మేపినచోట వచ్చు సంవత్సరము ఏమి మొలచినదో చూడనివానికి ఈ విద్య పట్టువడదు.

ఈ మార్గము క్రొత్తదికాదు. 1903లో మన దేశమునకు వచ్చిన శామ్ హిగిన్‌బాటమ్ అను మిషనెరీ అలహాబాదులోని క్రైస్తవ కళాశాలలో అర్థశాస్త్రము బోధించుచు, పల్లెల పేదఱికమును చూచి, మాటలవలన అది తీరదని గ్రహించెను. పిమ్మట తాను అమెరికాకు పోయి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయములో విద్యార్థియై వ్యవసాయశాస్త్రము నభ్యసించెను. ఆయన 1910లో స్థాపించిన వ్యవసాయ విద్యాలయము యమునాతీరమున, వానలకు కోసుకొనిపోయి గండ్లుపడిన నేలమీద వెలసినది. ఆ నేలను గట్లు వేసి బాగుచేయుటయే అచ్చటి పాఠములలో నొకటి. సింధీ ఆవులను జెర్సీ జాతితో కలిపి జెర్సింద్ అను సంకరజాతిని పెంచినదియు ఆ విద్యాలయమే. నేడది ఆయన పేరిట విశ్వవిద్యాలయమై నిలిచియున్నది.

అమెరికాలో పశువుల మందలను పెంచు విశాలక్షేత్రములను రాంచీలందురు. 2022 వ్యవసాయ గణన ప్రకారము ఆ దేశపు వ్యవసాయదారుల సగటు వయస్సు 58 సంవత్సరములు దాటినది. ముసలివారి నేర్పు వారితోనే అంతరించునను భయము అచ్చట కలిగినది. న్యూమెక్సికో రాష్ట్రమున 1997లో ఒక పశుపాలకుడును ఇద్దరు ప్రకృతి సంరక్షకులును కలిసి స్థాపించిన క్వివిరా కొయెలిషన్ అను సంఘము, క్రొత్తవారిని అనుభవశాలులైన పశుపాలకుల యొద్ద సుమారు ఎనిమిది నెలలు నిలిపి పని నేర్పించుచున్నది. వారు అచ్చటనే వసించి, కంచెలు బాగుచేయుచు, నీటితొట్లు చూచుచు, పశువులను బెదరింపక తోలుట నేర్చుచు, గడ్డిని పరీక్షించుచు, కొంత భృతిని కూడ పొందుదురు. తరతరములుగా గొఱ్ఱెలను కాచిన యింట పుట్టినవానికి తండ్రియే గురువు. అట్లు పుట్టనివానికి గురువును వెదకి యిచ్చుట సంఘముయొక్క పని.

మన దేశమున ఏమియు లేదనరాదు. 1974లో పుదుచ్చేరియందు మొదటిది వెలసినది మొదలు కృషి విజ్ఞాన కేంద్రములు చేసి నేర్చుకొనుటయే తమ సూత్రమని చెప్పుచున్నవి. 2005లో తిరుపతియందు ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము క్రింద రెండేండ్ల డిప్లొమా చదువులు కలవు. గుంటూరు చెంత లాం ఫారములో ఒంగోలు పశువులమీద పరిశోధన జరుగుచున్నది. లోపించినది, ఈ చదువునకును సొంత మందకును నడుమ వేయవలసిన యొక మెట్టు. ఆ మెట్టు ఇట్లుండవలెనని నా మనవి. అభ్యాసకుడు ఎండకాలము, వానకాలము, చలికాలము మూడింటిని మందతో గడపవలెను. నేర్పిన కాపరికి గురువేతనము ముట్టవలెను; అతడు అక్షరములు రానివాడైనను ఈ విద్యలో ఆచార్యుడు. అభ్యాసకుని జీతములేని పాలేరుగా వాడుకొనకుండ, భోజనము, భృతి, నేర్పవలసిన పనుల పట్టిక ముందుగా వ్రాతమూలకముగా నిర్ణయింపబడవలెను. అటువెనుక పదిగొఱ్ఱెలతో ప్రారంభింపజేసి, వానిని ఒక సంవత్సరము కాపాడినవానికే పెద్దఋణ మియ్యవలెను.

తలిదండ్రులలో కొందఱు, “చదివించినది గొఱ్ఱెలు కాయుటకా?” అని యడుగుదురు. చదువురాని పిల్లవానిని గొఱ్ఱెలు కాచుకొమ్మని గద్దించు ఉపాధ్యాయులు కూడ లేకపోలేదు. ఆ మాటతో పిల్లవానిని, కాపరిని ఇద్దఱిని అవమానించుచున్నాము. వంద ప్రాణములను, ఇరువది ఎకరముల పచ్చికను, ఒక కుటుంబపు అప్పును తలలో నుంచుకొని దినదినము నిర్ణయములు చేయువాడు మందబుద్ధి కాజాలడు. ఇండ్లలో పశువులకు మేత వేయుచు, పాలు పితుకుచు, దూడలను సాకుచున్నది చాలవఱకు స్త్రీలే కావున, ఈ శిక్షణము బాలికలకును సమానముగా లభింపవలెను.

విద్యార్థులారా! భూమియు దానిమీది జీవులును మనకు అప్పగింపబడినవే గాని మన సొత్తు కావని, మనము గృహనిర్వాహకులమని మీరు తఱచు వినుచున్నారు. ఆ మాటకు తగిన పని ఇది. ఈ వేసవి సెలవులలో మీ యూరి కాపరిని ప్రార్థించి వారమునాళ్లు మందవెంట పొండు. చూచినదానిని ప్రతి సాయంకాలము పుస్తకమున వ్రాసికొనుడు. తలిదండ్రులారా! ఈ పనిమీద మనస్సుగల బిడ్డను ఆపకుడు. పెట్టుబడి కంటె ముందు అతనికొక మంచి గురువును వెదకుడు. పాఠశాలాధికారులును ఆవరణలో కొన్ని మేకలకును, కొంత పచ్చికకును, ఒక వానకొలత పాత్రకును చోటిచ్చినయెడల, ఈ విద్యకు తొలిపాఠము మన పాఠశాలలోనే ప్రారంభమగును.