మా పుట్టిల్లు అయిదు కిలోమీటర్లు దగ్గరైంది

పెళ్ళయిన ఇన్నేళ్ళకి మా పుట్టిల్లు అయిదు కిలోమీటర్లు దగ్గరికి జరిగిందంటే నమ్ముతారా? నమ్మరు. మావారూ నమ్మలేదు. కాని మా కారు మీటరు ఆ మాటే చెప్పింది. బెజవాడలో మా గుమ్మం నుంచి మా అమ్మావాళ్ళ వాకిలి దాకా 35 కిలోమీటర్లు. ఏళ్ళ తరబడి పండక్కీ పబ్బానికీ చూస్తున్న లెక్క అది. క్రిందటి వేసవిలో ఒకరోజు వెళ్ళి దిగేసరికి మీటరులో 30 తిరిగింది.

అసలు కథేమిటంటే, మాది 1978 నాటి అంబాసిడర్. మా మామగారు కొన్నది. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో ఆ కార్లు చేసే ఫ్యాక్టరీ 2014లోనే ఆ పని మానేసింది గాని, మా అత్తయ్యగారు మాత్రం దాన్ని ఇంటి పెద్దకొడుకనే అంటారు. అమ్మే మాట ఎత్తితే ఆ పూట భోజనం మానేస్తారు.

ఆ పెద్దకొడుకు వెనకనుంచి గుయ్యిమని మోత మొదలైంది. షెడ్డుకి తీసుకెళ్ళాం. కుర్ర మేస్త్రీ ఒక చుట్టు నడిపొచ్చి, “హౌసింగ్ పోయింది సార్. మొత్తం దించేసి పాతసామాన్లలోది ఇంకోటి ఎక్కించేద్దాం” అన్నాడు.

“బాబూ, కారు కుడివైపు తిప్పినప్పుడే మోత ఎక్కువవుతోంది, గమనించావా?” అన్నాను.

“అవన్నీ మీకెందుకమ్మగారూ, నీడలో కూర్చోండి” అన్నాడు. మావారు కూడా, “నువ్వుండవే” అన్నారు. ఉన్నాను. ఆ ఉండటం వల్లే ఇంత వచ్చింది!

ఇక్కడ మీకు నాలుగు ముక్కలు చెప్పాలి. భయపడకండి, మిక్సీ కన్నా కష్టమేం కాదు. కారు వెనక రెండు చక్రాలనీ కలిపే ఇనుప గొట్టమే హౌసింగు. దాని నడుమ కుండలా ఉబ్బి ఉంటుంది. ఆ కుండలో ఒక చిన్న పళ్ళచక్రం, ఒక పెద్ద పళ్ళచక్రం ఉంటాయి. చిన్నది పినియన్, పెద్దది క్రౌను. గేరుబాక్సు నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు పినియన్‌ని తిప్పుతుంది, పినియన్ క్రౌనుని తిప్పుతుంది, క్రౌను కారు చక్రాల్ని తిప్పుతుంది. కళ్ళంలో బంతి తొక్కించడం చూసే ఉంటారు. గుంజ పక్కనున్న ఎద్దు ఉన్నచోటే తిరుగుతుంది, చివరి ఎద్దు పరుగెత్తాలి. కారు మలుపు తిరిగినా అంతే, లోపలి చక్రం కన్నా బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. ఆ తేడా సర్దేది కూడా ఆ కుండలోనే ఉంది. దాన్నే డిఫరెన్షియల్ అంటారు.

పినియన్‌కి 9 పళ్ళూ క్రౌనుకి 41 పళ్ళూ ఉన్నాయనుకోండి. షాఫ్టు నాలుగున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 10కి 39 అయితే నాలుగు చుట్లు కూడా అక్కర్లేదు. పైనుంచి చూస్తే మాత్రం రెండు హౌసింగులూ కవలపిల్లలే!

మా కుర్ర మేస్త్రీ కవలని తెచ్చి బిగించాడు. పళ్ళు లెక్కపెట్టలేదు. మోత పోయింది, మావారు సంతోషించారు. నాకు మాత్రం బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి మునపట్లా లాగకుండా మూలుగుతున్నట్టు తోచింది. “నీ అనుమానం” అన్నారు. ఆ తర్వాతే పుట్టింటి ప్రయాణం. మా అబ్బాయి ఫోనులో చూస్తే దూరం 35 అనే ఉంది.

మీటరుకి తీగ వెళ్ళేది గేరుబాక్సు నుంచి. దానికి షాఫ్టు చుట్లే తెలుసు, చక్రం సంగతి తెలీదు. కొత్త హౌసింగుతో షాఫ్టు తక్కువ తిరిగినా బండి అంతే దూరం పోతుంది, మీటరు మాత్రం తక్కువ చూపిస్తుంది. దూరం తగ్గితే నవ్వుకోవచ్చు. వేగం మాటేమిటి? ముల్లు 60 మీద ఉందని నేను ధీమాగా కూర్చుంటే, బండి 70 మీద పోతోందన్నమాట! వెనకసీటులో అత్తయ్యగారూ, పిల్లలూ.

నా కోపం ఆ కుర్రాడి ఒక్కడి మీద కాదు. “మొత్తం మార్చేద్దాం” అనే జబ్బు మీద. తిరగలి పిడి ఊడితే తిరగలి పారేస్తామా? గ్రైండరు బెల్టు తెగితే గ్రైండరు మార్చేస్తామా? ఏది పోయిందో వెతకడానికి ఓపిక కావాలి, మార్చడానికి డబ్బు చాలు, ఆ డబ్బేమో మనది.

“పాతబండి అన్నాక ఏదో ఒకటి వెయ్యక తప్పుతుందా?” అన్నారు మా వదినగారు. నేను మార్చడానికి విరోధిని కాను. క్రౌను పళ్ళు విరిగినా, గొట్టం వంగిపోయినా శుభ్రంగా మార్చమనండి. కాని సంబంధం చూసేటప్పుడు గోత్రం అడుగుతాం కదా, హౌసింగు తెచ్చేటప్పుడు పళ్ళెన్నని అడగవద్దూ?

చివరికి ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రిగారి దగ్గరికి నేనే వెళ్ళాను. మా పాత హౌసింగు అదృష్టవశాత్తూ మొదటి షెడ్డులో వేపచెట్టు కింద ఇంకా పడుంది. దాన్ని తెప్పించాను. ఆయన నన్ను నీడలో కూర్చోమనలేదు. “మోత ఎప్పుడొస్తుందమ్మా?” అని అడిగారు. చెప్పాను. “ఆక్సిలేటర్ నొక్కితే ఒకలాగా, వదిలితే ఒకలాగా మోగితే క్రౌను పినియన్ని అనుమానించాలి. బండి తిప్పినప్పుడు మారితే ముందు చక్రం బేరింగు చూడాలి. కుడికి తిప్పితే బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది కదమ్మా” అన్నారు. విప్పి చూస్తే క్రౌను పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. ఎడమ బేరింగు అరిగిపోయింది. చక్రం, డ్రమ్మూ విప్పి లోపలి షాఫ్టు లాగితే అందేదానికి హౌసింగు మొత్తం దించేశారు!

మళ్ళీ మార్చేటప్పుడు దగ్గరుండి చూశాను. ముందు చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టారు. జాకీతో లేపి, బండి కింద ఇనుప స్టాండ్లు పెట్టారు, ఇటుకలు కాదు. షాఫ్టు విప్పేముందు రెండు అంచుల మీదా గుర్తు గీశారు, మళ్ళీ అలాగే కలపడానికి. బ్రేకు గొట్టం, చేతిబ్రేకు తీగ, షాకబ్జార్బర్లు విప్పి, కమాను పట్టీలకి పట్టి ఉంచే యూ బోల్టులు తీసి, హౌసింగుని పక్కకి లాగారు. బిగించాక రెండు చక్రాలూ కలిపి ఒక చుట్టు తిప్పించి షాఫ్టు చుట్లు నాచేత లెక్కపెట్టించారు. నాలుగున్నర. ఆఖర్న బ్రేకులో గాలి తీసే పని. “తొక్కండమ్మా... వదలండమ్మా” అంటుంటే పెడలు తొక్కింది నేనే. కొంతదూరం తిరిగొచ్చాక యూ బోల్టులు మళ్ళీ బిగించుకోవాలని కూడా చెప్పి పంపారు.

అంచేత అమ్మలారా, అక్కలారా, షెడ్డులో నీడలో కూర్చోకండి. ఏం పోయిందో చూపించమనండి. తెచ్చింది పాతదానితో సరిపోయిందని ఎలా తెలుసునో అడగండి. తీసేసిన సామాను ఇంటికి తెచ్చుకోండి. బంగారం మార్చేటప్పుడు తూకం దగ్గర నిలబడే మనం, ప్రాణాలు మోసే ఇనుము దగ్గర నిలబడలేమా?

ఇప్పుడు మా పుట్టిల్లు మళ్ళీ 35 కిలోమీటర్ల దూరానికి వెళ్ళిపోయింది. “చేతులారా దూరం చేసుకున్నావు” అంటారు మావారు. అరిగిన బేరింగు మాత్రం ముందుగది గూట్లోనే పెట్టాను. “ఆడవాళ్ళకి కార్ల సంగతేం తెలుస్తుంది?” అన్నవాళ్ళకి కాఫీ ఇచ్చి, దాన్ని చెవి దగ్గర గరగరా తిప్పి వినిపిస్తున్నాను.