మొత్తాన్ని చూడటం నేర్పే చదువు

బి.టెక్ ముగించిన బిడ్డ సిస్టమ్స్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్ చేస్తానంటే తల్లిదండ్రులకు రెండు సందేహాలు కలుగుతాయి. అసలు అది ఏ చదువు? ఇంకా రెండేళ్లు సంపాదన లేకుండా గడపాలా? కరువు సీమలోని కుటుంబాలకు ఈ రెండూ న్యాయమైన సందేహాలే.

మొదటిదానికి జవాబు ఉరవకొండ పరిసరాల్లోనే ఉంది. హంద్రీ-నీవా పథకంలో శ్రీశైలం జలాశయపు కృష్ణా జలాలను మల్యాల వద్ద తోడి, దశలవారీగా ఎత్తిపోస్తూ, 200 కిలోమీటర్లకు పైగా నడిపించి జీడిపల్లి జలాశయానికి చేరుస్తారు. కాలువ సివిల్ ఇంజనీరు పని, పంపు మెకానికల్ ఇంజనీరు పని, మోటారు ఎలక్ట్రికల్ ఇంజనీరు పని. కానీ నదికి వరద ఉన్న రోజుల్లో ఏ కేంద్రంలో ఎన్ని పంపులు, ఎంత విద్యుత్తుతో, ఎంతసేపు నడవాలి? ఒకచోట పంపులు ఆగితే పై కేంద్రాల గతేమిటి? దీనికి ఏ ఒక్క శాఖా ఒంటరిగా జవాబు చెప్పలేదు. భాగాలన్నిటినీ కలిపి లెక్కగట్టే విద్యయే సిస్టమ్స్ ఇంజనీరింగ్.

ఆ లెక్క ఎంత సున్నితమైనదో శ్రీహరికోట చెబుతుంది. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్న ఎస్.ఎల్.వి-3 రాకెట్ 1979 ఆగస్టు 10న విఫలమైంది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలోని ఒక కవాటం లోపమే అందుకు కారణం. లోపాన్ని వెదకి సరిదిద్దారు. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది.

ఇక రెండవ సందేహం. ఐఐటీ బొంబాయిలో సిస్టమ్స్ అండ్ కంట్రోల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్ ఉంది. ప్రవేశానికి గేట్ పరీక్ష ప్రధాన మార్గం. వివిధ ఇంజనీరింగ్ శాఖల వారు ప్రయత్నించవచ్చు. గణితంపై పట్టు మాత్రం తప్పనిసరి. గేట్ ద్వారా చేరి టీచింగ్ అసిస్టెంట్‌షిప్ పొందినవారికి నెలకు రూ. 12,400 భృతి లభిస్తూ వచ్చింది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కనుక ఇంటి పరిస్థితిని బట్టి కొంతకాలం ఉద్యోగం చేసి, తర్వాత చేరినా నష్టం లేదు. పని ప్రదేశాన్ని చూసి వచ్చిన విద్యార్థికి పాఠం మరింత బాగా బోధపడుతుంది.

కోర్సు పేరు చూసి వడ్డీ అప్పుతో ఏదో ఒక కళాశాలలో చేర్చవద్దని మా మనవి. ముందు పాఠ్యాంశాలు చూడండి, చదివినవారిని అడగండి, ఇంటిల్లిపాదీ కూర్చొని మష్వరా చేయండి. ఆ మష్వరాలో కుమారుడికి ఇచ్చే చోటు కుమార్తెకూ ఇవ్వండి. నీటి విలువ తెలిసిన ఇంట పెరిగిన బిడ్డకు ఈ విద్య పరాయిది కాదు.