మైదానానికీ డబుల్ యాక్షన్!

'రాముడు భీముడు' చూడనివాళ్ళు మీలో ఎంతమంది? 1964 నాటి చిత్రమే అనుకోండి, టీవీలోనైనా చూసే ఉంటారు. పాపం రాముడు బావగారి కొరడా దెబ్బలు తింటూ బతుకుతాడు. అచ్చం అతనిలాగే ఉండే భీముడు ఆ ఇంట్లో కాలు పెట్టేసరికి కొరడా చేతులు మారుతుంది. రూపం ఒకటే, మనుషులు ఇద్దరు!

ఈ ద్విపాత్రాభినయం ఇప్పుడు హీరోల దగ్గర్నుంచి మైదానాల దాకా వచ్చింది. దాని పేరు 'డిజిటల్ ట్విన్'. మన మాటల్లో కంప్యూటర్లో పుట్టిన కవల. సభ జరగబోయే స్థలాన్ని గేట్లు, మెట్లు, స్తంభాలతో సహా కొలిచి కంప్యూటర్లో కడతారు. అందులోకి బొమ్మ జనాన్ని వదిలి ఎక్కడ ఇరుక్కుంటారో చూస్తారు. దెబ్బలన్నీ కవలకే! అసలు సభ నడుస్తుండగా కెమెరాలు లెక్కలు అందిస్తుంటే, కవల కూడా అసలుతోపాటు నిమిషనిమిషానికీ మారుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ వాళ్ళు తమ వేదికలకు ఇలాంటి కవలల్ని కట్టించుకున్నారు. ఏ సీట్లోంచి ఏం కనిపిస్తుందో, కెమెరా ఎక్కడ పెట్టాలో మనిషి అక్కడికి వెళ్ళకుండానే చూసుకున్నారు.

ఇదేదో పరాయివాళ్ళ విద్య అనుకోకండి. 'బాహుబలి' (2015)లో కాలకేయుల యుద్ధం గుర్తుందా? ఆ వేలమందిలో ఎక్కువమంది కంప్యూటర్ సైనికులే. అంతకుముందే 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చిత్రాల కోసం స్టీఫెన్ రెజెలస్ అనే ఆయన 'మాసివ్' అనే ప్రోగ్రాం తయారుచేసి ఒక్కొక్క బొమ్మ సైనికుడికీ ఒక సొంత బుర్ర పెట్టాడు. పక్కవాడు తోస్తే ఏం చెయ్యాలో వాడే తేల్చుకుంటాడు. తెరమీద అన్ని వేలమందిని నడిపించిన మనం, ఆ తెరను చూడటానికి వచ్చిన వేలమందిని నడిపించలేకపోతున్నామెందుకు? నా బాధంతా అదే.

2024 సెప్టెంబరు 22న హైదరాబాదులో 'దేవర' ప్రీ-రిలీజ్ వేడుక రద్దయింది. హోటల్ హాలు చిన్నది, వచ్చిన జనం పెద్ద. ఆ రోజు అద్దాలు పగలడంతో పోయింది. అదే ఏడు డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంధ్య థియేటర్లో 'పుష్ప 2' ప్రీమియర్. తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావు అంచుదాకా వెళ్ళాడు. సినిమా చూద్దామని పిల్లాడితో బయల్దేరిన మనిషి అండీ! మరుసటి ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర పదకొండు మంది. అది స్టేడియం లోపల కాదు, గేట్ల బయట.

'తొక్కిసలాట' అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోందేమో. ఇలాంటి చోట చాలామంది కాళ్ళకింద పడి పోరు, నిలబడే ఊపిరాడక పోతారు. చదరపు మీటరుకు నలుగురుంటే కదలొచ్చు. ఆరేడుగురైతే ఎవడి కాళ్ళు వాడి స్వాధీనంలో ఉండవు, జనం అలల్లా ఊగుతారు. వెనకవాడికి ముందు ఏం జరుగుతోందో తెలియదు. హీరో కనబడ్డాడనుకుని ఇంకాస్త తోస్తాడు.

నాకూ పదిహేడేళ్ళప్పుడు ఒక పెద్ద హీరో సినిమా మొదటి ఆటకు ఈ అనుభవం అయింది. ఏ ఊరి హాలో అనవసరం. సగం తెరిచిన ఇనప జాలీ గేటు, వెనక రెండొందల మంది. నా పాదాలు నేలమీద లేవు. ఛాతీ మీద ఎవరిదో మోచెయ్యి. అరుద్దామంటే గాలి లేదు. నా స్నేహితుడి మణికట్టు విరిగింది, నా కుడికాలి చెప్పు పోయింది. అయినా లోపలికెళ్ళి ఈలలు వేశాం! ఆ వయసు అలాంటిది.

అందుకే పోయిన వినాయక నవరాత్రులకు మా ములకలపల్లి కుర్రాళ్ళు వచ్చి, "అన్నా, పాటకచేరి పెడుతున్నాం, టీవీలో పాడే అమ్మాయిని పిలిచాం, పేపర్లో నాలుగు ముక్కలు రాయండి" అంటే రాతకన్నా ముందు టేపు పట్టుకుని బయల్దేరాను. పాల్వంచ నుంచీ, దమ్మపేట నుంచీ, అడవిలో గూడేల నుంచీ ట్రాక్టర్ల మీద జనం వస్తారు. ఎంతమంది అంటే మూడువేలన్నారు.

ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు లాప్‌టాప్ తెచ్చాడు. జర్మనీలో యూలిష్ పరిశోధనా కేంద్రం వాళ్ళు 'జూపెడ్‌సిమ్' అనే ప్రోగ్రాంను ఉచితంగానే ఇస్తున్నారు. మైదానం గీశాం, చుక్కల్ని వదిలాం. నిజానికిది సగం కవలే, కెమెరాలూ గట్రా మాకెక్కడివి?

"కంప్యూటర్లో మన గ్రౌండు కనపడుద్దా అన్నా?" అంటూ కుర్రాళ్ళంతా మూగారు. గేటు వెడల్పు రెండు మీటర్లు. క్రీడా మైదానాల కోసం బ్రిటన్ వాళ్ళు వాడే 'గ్రీన్ గైడ్' లెక్కలో, చదునైన దారిలో మీటరు వెడల్పున నిమిషానికి 82 మంది దాటగలరు. మాకు 164 మంది. మూడువేల మంది బయటపడటానికి పద్ధెనిమిది నిమిషాలు. ఎనిమిది నిమిషాలు మించకూడదంటుంది ఆ పుస్తకం. గేటు ముందు మోటారు సైకిళ్ళు నిలిపి ఒక్క మీటరే మిగిలితే ముప్ఫై ఆరు నిమిషాలు! చుక్కలు గేటు దగ్గర ఎర్రగా ముద్దకట్టుకుపోయాయి. అంతవరకూ నవ్వుతున్న కుర్రాళ్ళు నవ్వు ఆపేశారు.

అప్పుడొచ్చాడు షామియానా బాబాయ్. కళ్ళజోడు సవరించుకుని తెరలోకి చూసి, "బానే ఉంది గానీ అబ్బాయ్, ఇందులో నా తాళ్ళేయి?" అన్నాడు. మాకు అర్థం కాలేదు. "టెంటు తాళ్ళు రెండు బారలు బయటికొస్తాయి. చీకట్లో కనపడవు. జనరేటర్ వైరు, మిరపకాయ బజ్జీల బండి, ఆ అమ్మాయి కారు... ఇయ్యేమీ లేవే?"

ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. నేను డిగ్రీ.

బాబాయ్ మాటకు పెద్ద సాక్ష్యం ఉంది. మక్కా దగ్గర మినాలో 2006 దుర్ఘటన తర్వాత జమరాత్ వంతెనను కంప్యూటర్ లెక్కలు వేసి, అంతస్తులు పెంచి కొత్తగా కట్టారు. 2015లో మళ్ళీ ఘోరం జరిగింది. ఆ వంతెన మీద కాదు, దాని దగ్గరికెళ్ళే వీధుల కూడలిలో. కవల ఎంత బలమైనదైనా గీసినంత మేరే కాపలా కాస్తుంది. మన సినిమా వేడుకలకు కవలను కడితే స్టేజీనీ, లైట్లనూ గీసి ఊరుకుంటే చాలదు. వీధిని గీయాలి. గేటును గీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, హీరోగారి కారు ఏ దారిన, ఏ నిమిషాన వస్తుందో గీయాలి. కారు పైకప్పు తెరుచుకోగానే బొమ్మ జనమంతా ఒక్క వైపుకి పరుగెత్తే సీను వంద టేకులు తీసి చూడాలి. ఆ సీను రాయకుండా డిజిటల్ ట్విన్ అంటే అది పోస్టరే, సినిమా కాదు.

ఇంకోటి, 2027లో గోదావరి పుష్కరాలు. 2015 జూలై 14న, మొదటి రోజు ఉదయమే, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో ఇరవై ఏడుగురు పోయారు. మా పక్కనున్న భద్రాచలానికీ ఆ పన్నెండు రోజులూ లక్షలమంది వస్తారు. అక్కడ ఘాట్లకు కవలను కట్టే పెద్దలెవరైనా ఉంటే, మా బాబాయ్‌ని కూడా పిలవండి.

సరే, మా కచేరి. బజ్జీల బండిని రోడ్డు అవతలికి పంపాం, తాళ్ళకు తెల్లగుడ్డలు కట్టాం, మైదానం దడి ఒకచోట మూడు మీటర్లు విప్పాం. గాయని కారును రైస్ మిల్లు దగ్గర ఆపి, పాటలు మొదలయ్యాక వెనక దారిన తెచ్చాం. అయినా ఎవడో చూసి "వచ్చిందిరా!" అని కేకేశాడు. మూడొందల మంది వెనక్కి పరుగు. లాప్‌టాప్‌లో ఆ కేక లేదు! దడి విప్పి ఉండబట్టి జనం అటు పారి చల్లబడ్డారు. ఒక పిల్లాడు తప్పిపోయి అరగంటకు జనరేటర్ పక్కన నిద్రపోతూ దొరికాడు.

తెల్లారి బాబాయ్ టెంటు విప్పుతూ పిలిచాడు. "పోయినేడు చెప్పులు గోనెసంచి నిండా దొరికినయి అబ్బాయ్. ఈసారి ఏడే."

అందులో ఒకటి నాది.