నల్లకోటు గలదు, గ్రాసము లేదు

క్రొత్తగా సన్నదు పొందిన యువకుడు నల్లకోటు తొడిగి న్యాయస్థానపు మెట్లెక్కిన దినమున ఆతని యింట పండుగ. ఆ కోటు కొనుటకు తల్లి గాజులు తాకట్టుపడినవో, తండ్రి అరయెకరము అమ్ముకొన్నాడో వీధివా రెరుగరు. "వారి పిల్లవాడు ప్లీడరైనాడు" అని మాత్రము చెప్పుకొందురు. ఆరు మాసములు గడచిన పిదప ఆ యింటికి బోయి విచారించినచో వేరొక కథ వినబడును. ఉదయము ఎనిమిది గంటలకు సీనియరుగారి ఆఫీసు. కట్టలు సర్దుట, వాయిదాల పుస్తకము వ్రాయుట. పదిన్నరకు కోర్టు, "మా సీనియరుగారు వేరొక కోర్టులో నున్నారు, కొంచెము సేపు దయచేయవలయును" అని మనవి చేయుట. సాయంకాలము మరల ఆఫీసు. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు. మాసాంతమున చేతికి వచ్చునది సున్న. ఏమైన వచ్చినచో అది బస్సుచార్జీలకు చాలదు. అదే ఆఫీసులో గుమాస్తాకు జీతము గలదు. నేల తుడుచు మనిషికి జీతము గలదు. చట్టము చదివి పట్టము పొందినవానికి మాత్రము "పని నేర్చుకొనుచున్నావు గదా!" యను ఆశీర్వచనము గలదు.

దీనికి మన బార్ అసోసియేషనులలో శిక్షణ యని పేరు. ఒక్కమాట ముందే చెప్పుదుము. జూనియరును కన్నబిడ్డవలె చూచి, పని నేర్పి, మాసము తిరుగగనే చేతిలో పైకము పెట్టు సీనియర్లు మన పట్టణములలో నున్నారు. వారికి మా నమస్కారము. మా విమర్శ వారి మీద కాదు. వారు చేయు న్యాయమును అపురూపమైన దానముగా మార్చివైచిన ఆచారము మీద. కష్టమునకు ఫలము దయాధర్మమైన చోట వృత్తి ధనికుల సొత్తగును. తండ్రి ఆస్తి మూడేండ్లు పోషింపగలవాడు నిలుచును, తక్కినవాడు తప్పుకొనును. తప్పుకొన్నవాడు తెలివి తక్కువవాడు కాడు, తిండి తక్కువవాడు.

ఈ ధనపరీక్ష వృత్తి గడపయొద్దనే ఆరంభమగుచుండెను. 1961వ సంవత్సరపు అడ్వకేట్ల చట్టము 24వ విభాగము ప్రకారము పేరు నమోదునకు చెల్లింపవలసినది సామాన్యులకు రూ. 750, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని రూ. 125. కాని రాష్ట్ర బార్ కౌన్సిళ్లు గ్రంథాలయమని, పరిపాలన యని, సంక్షేమనిధి యని పద్దుమీద పద్దు చేర్చి, పదునైదువేలు మొదలు నలువదిరెండువేల రూపాయల వరకు వసూలు చేయుచుండెను. చట్టమును కాపాడవలసినవారే చట్టమును మీరి సుంకము పుచ్చుకొనిరి! 2024 జూలై 30వ తేదీన గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ యదనపు వసూళ్లు చెల్లవని తీర్పు చెప్పినది. ప్రవేశద్వారమున ఇట్టి భారము మోపుట పేదల సమానత్వమునకును వృత్తిస్వాతంత్ర్యమునకును భంగకరమని నిర్ణయించినది. అంతకుముందు వసూలైన సొమ్ము తిరిగి యీయ నక్కరలేదనుటచే పాతవారి రొక్కము పోయినది. కాని సూత్రము నిలిచినది.

మే మడుగున దిది: గడపయొద్ద వేలకువేలు పుచ్చుకొనుట అన్యాయమైనచో, గడప దాటిన పిమ్మట మూడేండ్ల కష్టము ఉచితముగా పుచ్చుకొనుట న్యాయ మెట్లగును? అది ఒక్కసారి తీసిన పన్ను. ఇది దినదినము తీయు పన్ను.

ఈ ప్రశ్న నేడు మరింత తీవ్రమైనది. 2025 మే 20వ తేదీన సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూర్చుండువారు కనీసము మూడేండ్లు న్యాయవాదవృత్తి చేసియుండవలెనని తీర్పునిచ్చినది. 2002లో తొలగిన నిబంధన ఇట్లు మరల వచ్చినది. ఉద్దేశము మంచిదే. కోర్టు ముఖ మెరుగనివాడు పీఠమెక్కి యొరులకు తీర్పు చెప్పుట మాకును సమ్మతము కాదు. కాని ఆ మూడేండ్లు ఎవడు గడపగలడో చూడుడు. రిక్షావాని కొడుకు గడపగలడా? బీడీలు చుట్టు తల్లి కూతురు గడపగలదా? అంతియేగాక, వృత్తి చేసినట్లు ధ్రువపత్ర మీయవలసినవాడు పదేండ్ల అనుభవముగల న్యాయవాది. తన భవిష్యత్తు ఆ సంతకములో నుండగా "అయ్యా, నా జీతమేమి?" యని నోరు విప్పగల జూనియ రెవ్వడు? నేడు బార్ హాలులో ఆకలికి తాళలేక వెళ్లిపోవువాడు రేపు న్యాయపీఠము మీద కనబడడు. ఇది జూనియర్ల యింటి గొడవ మాత్రమే కాదు. ఈ దేశమున తీర్పు చెప్పువా రెవరను ప్రశ్న.

ఇందులకు సీనియర్లు చెప్పు సమాధానములు మూడు. మొదటిది గురుశిష్య సంప్రదాయము. వినుటకు సొంపైన మాట. కాని గురుకులమున శిష్యుడు గురువు ఇంట తిని, గురువు ఇంట పండుకొనెడివాడు. అన్నము పెట్టని గురుకుల మే పురాణమున నున్నది? సంప్రదాయమునుండి సేవను మాత్రము స్వీకరించి, భోజనమును విడిచిపెట్టుట యెక్కడి న్యాయము? మరియు చట్టము ఈతనిని శిష్యు డనలేదు, న్యాయవాది యన్నది. సన్నదునకు ముందు ఒక సంవత్సరము శిక్షణ పొందితీరవలెనని 1995లో భారత బార్ కౌన్సిలు చేసిన నియమములను, అట్టి యధికారము కౌన్సిలునకు లేదని 1999లో సుప్రీంకోర్టు కొట్టివైచినది. అఖిల భారత బార్ పరీక్షను 2023 ఫిబ్రవరి 10వ తేదీన రాజ్యాంగ ధర్మాసనము సమర్థించినది. పట్టము పొంది, పేరు నమోదై, పరీక్షయు నెగ్గినవానిని ఇంకను విద్యార్థి యనుట జీత మెగవేయుటకు గాక మరెందులకు?

రెండవ సమాధానము: "మేమును ఇట్లే కష్టపడి పైకి వచ్చితిమి." ఒకనాటి కోడలే మరునాటి యత్త యను సామెత యిందులకే పుట్టినది. తాను పడిన బాధ పరులకు తప్పింపవలెనని తలచువాడు పెద్దమనిషి. తాను పడితిని గనుక పరులును పడవలె ననువాడు వయసు మాత్రమే పెద్ద. నిలిచినవా రొకరు తమ కథ చెప్పుకొనుచున్నారు. నిలువలేక పోయినవారి కథ చెప్పుట కెవ్వరు నిక్కడ లేరు.

మూడవది కొంత నిజము గల సమాధానము: మండలములలో సీనియర్లకే రాబడి లేదని. ఆ మాట మే మంగీకరింతుము. పెక్కుమంది చెట్టుక్రింది ప్లీడరు బ్రతుకే బ్రతుకుచున్నారు. అట్టివారిని పీడింపు మని మే మనము. కాని నలుగురు జూనియర్లను, రెండు కార్లను పోషించు ఆఫీసులవారు ఈ పేదల చాటున దాగుట సిగ్గుచేటు.

మన వృత్తిచరిత్ర యేమి చెప్పుచున్నది? ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము చిన్ననాడే తండ్రిని కోల్పోయిన బాలుడు. తల్లి ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడపి పోషించినది. ఉపాధ్యాయుడు హనుమంతరావు నాయుడుగారు తమవెంట రాజమహేంద్రవరమునకు దీసికొనిపోయి చదువునకు తోడ్పడిరి. ఆ బాలుడే ప్లీడరై, బారిష్టరై, వేలు గడించు వృత్తిని 1921లో దేశముకొరకు త్యజించినాడు. కర్నూలు సమీపమున పెద్దపాడులో 1921లో పేద దళిత కుటుంబమున జన్మించిన దామోదరం సంజీవయ్యగారు మదరాసులో న్యాయశాస్త్రము చదివి, 1950లో న్యాయవాదియై, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యైరి. పేదయింటి దీపము వెలిగినచో దేశమునకు వెలుగు. కాని ఇట్టివారిని చూపి "పేదరికము అడ్డు గాదు" అనువారు, ఆ దీపములకు ఎవరో ఒకరు చమురు పోసిరను మాట మరచుచున్నారు.

1923వ సంవత్సరపు చట్టము స్త్రీలకు ఈ వృత్తి తలుపు తెరచినది. నేడు న్యాయకళాశాలలు ఆడుబిడ్డలతో నిండుచున్నవి. జీతము లేని యాడుబిడ్డకు ఇంటివారు విధించు గడువు మగవాని గడువులో సగముండదు. "ఇంకెన్నాళ్లమ్మా?" యను ప్రశ్నకు ఆమెయొద్ద ఉత్తరము లేదు. చట్టము తెరచిన తలుపును ఆచారము మూయుచున్నది.

ప్రభుత్వములు కొంత చేసినవి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తొలి మూడేండ్లు జూనియర్లకు మాసమునకు రూ. 5,000 చొప్పున ఇచ్చు పథకము ప్రారంభించినది. సంతోషమే. కాని పని చేయించుకొనువా డొకడు, కూలి యిచ్చువాడు మరియొకడు నగుట ధర్మమా? 2024 జూన్ మాసమున మద్రాసు హైకోర్టు, చెన్నై, మదురై, కోయంబత్తూరులలో మాసమునకు రూ. 20,000, ఇతర ప్రదేశములలో రూ. 15,000 తక్కువ గాకుండ జూనియర్లకు ముట్టవలెనని ఆదేశించినది. అదే సంవత్సరము అక్టోబరులో భారత బార్ కౌన్సిలు పట్టణములలో రూ. 20,000, గ్రామీణ ప్రాంతములలో రూ. 15,000 అని సర్క్యులరు పంపినది. కాని అది శాసనము కాదు, సిఫారసు. కక్షిదారుని ఫీజు విషయమున సిఫారసుతో తృప్తిపడు సీనియరును మేమింతవరకు చూడలేదు!

కాబట్టి ప్రతి బార్ అసోసియేషనును మే మడుగునవి అయిదు. జూనియరును చేర్చుకొన్న దినముననే పని, వేళలు, భృతి వ్రాసిన కాగితము ఆతని చేతి కీయవలెను. ఆ భృతి ముట్టినట్లు అసోసియేషనునందు పద్దు నుండవలెను. రాబడి లేని సీనియర్ల జూనియర్లకొరకు, రాబడి గలవారు చందాలతో ఒక నిధి నిలుపవలెను. ధ్రువపత్రము పని చేసిన ప్రతివానికి హక్కుగా దొరకవలెను. ఫిర్యాదు వినుటకు జూనియర్లును సభ్యులుగా గల ఉపసంఘ ముండవలెను. ఎన్నికలనాడు జూనియర్ల యోట్లకు వారి బల్లలయొద్దకు వచ్చు పెద్దలు, ఎన్నిక ముగిసిన పిదపకూడ ఆ బల్లలయొద్దకు దయచేయుదురు గాక.

యువకులారా! మీకును ఒకమాట. జీతమడుగుట అవినయము కాదు. పని యెగవేసి యడుగుట అవినయము. మొదటి వాయిదానాటికే కట్ట పూర్తిగా చదువుడు. కడుపు కాలినను దళారీల నాశ్రయింపకుడు. నేడు వాడు తెచ్చిన కేసు రేపు మిమ్మే తెచ్చి వాని కమ్మును. ఒంటరిగా నడుగువానిని పొమ్మందురు; నలువదిమంది కలసి యడిగినచో కూర్చుండుమందురు.

సీనియర్లకు మా తుదిమనవి. కూలివాని కూలి ముట్టలేదని, గుమాస్తా జీతము నిలిపివేసిరని, ధర్మాసనముల యెదుట మీరు దినదినము గంభీరముగా వాదించుచున్నారు. ఆ వాదము వినుచు మీ వెనుక కట్టలు పట్టుకొని నిలుచున్న యువకునివైపు ఒక్కసారి తిరిగి చూడుడు. ఆ కేసులో ప్రతివాది యెవరో మీకే తెలియును.