ఆపరేషన్ కంటే ముందు ఆరు వారాలు

ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని పొడవైన ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్లు. చాలా ఏళ్లు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. నడుము భాగంలో వెన్నుకాలువ ఇరుకైన మనిషికి మాత్రం ఆ దూరం ఇప్పటికీ తరగదు. కాస్త నడిచేసరికి పిరుదుల నుంచి పిక్కల దాకా లాగుడు, తిమ్మిరి, కాళ్లు బరువెక్కడం. బెంచీ మీద కూర్చుని ముందుకు వంగితే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. లేచి నడిస్తే మళ్లీ మొదలు. వైద్యులు దీన్ని లంబార్ స్పైనల్ స్టెనోసిస్ అంటారు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు స్థిరపడిన ఊరిది. మధురాకాటి, నిమ్‌పురా వైపు రిటైరైన పెద్దలు సైకిల్ మీద బజారుకు వెళ్లడం మామూలే. అలాంటి పెద్దాయన వీధి చివరి దాకా నడవలేనంటే ఇంట్లోవాళ్లకు వింతగానే ఉంటుంది. అందులో వింతేమీ లేదు. నిటారుగా నిలబడితే కాలువ వెనుక వైపున్న స్నాయువు లోపలికి ముడత పడి నరాలను నొక్కుతుంది. హ్యాండిల్ మీదికి వంగితే ఆ కాలువే కొంత తెరుచుకుంటుంది. 1977లోనే సైకిల్ తొక్కించి జబ్బును గుర్తించే పరీక్ష గురించి వైద్య పత్రికలో రాశారు. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే నొప్పే, కానీ అది నిలబడితే చాలు తగ్గుతుంది, సైకిల్ తొక్కినా వస్తుంది. పొగతాగేవారికి, మధుమేహులకు పాదాల్లో నాడి చూడకుండా నడుముకే మందు రాసేయడం తొందరపాటు.

అసలు చిక్కు ఎమ్మారై దగ్గర మొదలవుతుంది. రిపోర్టులో ‘స్టెనోసిస్’ అనే మాట కనబడగానే ఇల్లంతా కంగారు. కోల్‌కతాకా, వెల్లూరుకా, విశాఖకా అని లెక్కలు. అయితే ఏ నొప్పీ లేని 67 మందిని ఎమ్మారై తీసి 1990లో ప్రచురించిన అధ్యయనంలో, 60 దాటినవారిలో దాదాపు 21 శాతానికి ఈ ఇరుకు కనబడింది. కాబట్టి వైద్యం నిర్ణయించాల్సింది ఫిల్మ్ కాదు, ఆ మనిషి ఎంత దూరం నడవగలుగుతున్నాడన్నది. ఇరుకు ఓ మోస్తరుగా ఉన్నవారిలో చాలామందికి ఏళ్ల తరబడి పరిస్థితి పెద్దగా దిగజారదు.

మరి ఆపరేషన్ లేకుండా ఏం చేయవచ్చు? మందుల చీటీలో ఎక్కువగా కనిపించే వాటికే ఆధారాలు తక్కువ. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ ఈ జబ్బులో నడకను మెరుగుపరుస్తాయనడానికి గట్టి రుజువు లేదు. ముసలివారిలో తూలుడు మాత్రం తెప్పిస్తాయి. వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను 2014లో 400 మందిపై పరీక్షించారు. ఆరు వారాల తర్వాత చూస్తే, మత్తుమందు ఒక్కటే ఇచ్చినవారికీ వీరికీ తేడా దాదాపు లేదు.

వ్యాయామం సంగతి వేరు. 2015లో వెలువడిన ఒక ప్రయోగంలో ఆపరేషన్‌కు ఒప్పుకున్న 169 మందిలో కొందరికి శస్త్రచికిత్స, కొందరికి ఆరు వారాల ఫిజియోథెరపీ కేటాయించారు. రెండేళ్లకు శారీరక సామర్థ్యంలో రెండు వర్గాలూ సమానం. ఇందులో ఒక మెలిక దాచకూడదు: ఫిజియోథెరపీకి కేటాయించినవారిలో 57 శాతం మంది తర్వాత ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే వ్యాయామం అందరికీ సరిపోదు. అయినా మిగతావారు కత్తి తప్పించుకున్నారుగా! వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోవడం, పొట్ట, తుంటి కండరాలకు బలం, సైకిల్, ఆగి ఆగి నడక. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. దగ్గరుండి సరిదిద్దే మనిషి కావాలి. ఇంట్లో సొంతంగా చేసుకున్నవారికంటే ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో చేసినవారు మెరుగుపడ్డారని జపాన్‌లో 86 మందిపై జరిగిన ప్రయోగం చూపింది.

పాదం జారిపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం కనబడితే ఈ లెక్కలేవీ వర్తించవు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నెలల తరబడి ప్రయత్నించినా నడక కుదించుకుపోతుంటే ఆపరేషన్ సరైన దారే, భయపడి వాయిదా వేయడమూ తప్పే.

‘రెస్టు తీసుకోండి, నడుముకు బెల్టు కట్టండి’ అని పంపేయడం తేలిక. మంచం పట్టిన ముసలి ఒంట్లో కండ త్వరగా కరిగిపోతుంది, నడక ఇంకా తగ్గుతుంది. ఖరగ్‌పూర్‌లో రైల్వే పింఛనుదార్లకు రైల్వే ఆసుపత్రి ఉంది, మిగతావారికి రాష్ట్ర ప్రభుత్వ సబ్‌డివిజనల్ ఆసుపత్రి ఉంది. ఎక్కడైనా చీటీలో మాత్రల కంటే పైన ‘వారానికి రెండుసార్లు, ఆరు వారాలు, ఫిజియోథెరపిస్టు దగ్గర’ అన్న మాట రావాలి. ఆ వ్యాయామాల కాగితం బెంగాలీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలామంది తెలుగు ముసలమ్మలకు అది వట్టి కాగితమే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటిచ్చింది. ఆ నిర్ణయం రైల్వే ఆసుపత్రికి వర్తించకపోవచ్చు గానీ, రాష్ట్ర ఆసుపత్రి గోడ మీద పెద్ద అక్షరాలతో, బొమ్మలతో ఒక తెలుగు పటం అంటించడానికి అది చాలు.