నల్ల నోటుబుక్కు

ఈ నెల రక్తపుపోటుకు సెలవు.

అమ్మకానికున్న ఇంటి ఫొటోలు చూసేటప్పుడు మనం పడక గదులెన్ని, వంటిల్లెంత అని చూస్తాం. 2025 ఆగస్టులో హాలెండు విలేఖరులు అర్జెంటీనాలోని మార్ దెల్ ప్లాతాలో ఒక ఇంటి ప్రకటన చూస్తూ, సోఫా పైన గోడ దగ్గర ఆగిపోయారు. ఇటలీ చిత్రకారుడు గిస్లాండి వేసినదిగా చెప్పే ఒక స్త్రీ చిత్తరువు అక్కడ వేలాడుతోంది. ఎనభై ఏళ్ళకు పైగా వెతుకులాటలో ఉన్న బొమ్మ! ఆ ఇల్లు గోరింగ్‌కు సన్నిహితుడైన ఒక నాజీ అధికారి కుటుంబానిది.

బొమ్మ అసలు సొంతదారు జాక్ గౌడ్‌స్టికర్, ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరున్న చిత్రాల వర్తకుడు, యూదుడు. 1940 మేలో జర్మన్లు వచ్చిపడగానే భార్యతో, పసికందుతో ఓడెక్కాడు. రాత్రి చీకట్లో, ఓడలో తెరిచివున్న గుంటలోకి పడి ప్రాణం విడిచాడు. ఆయన వదిలి వెళ్ళినది ఒక చిన్న నల్ల నోటుబుక్కు. అందులో 1,113 చిత్రాల పట్టిక. వెనక మిగిలిన సరుకంతా అమ్మకం పేరిట గోరింగ్, అతని మనుషుల పాలైంది.

యుద్ధానంతరం దొరికిన చిత్రాలను మిత్రరాజ్యాలు హాలెండు ప్రభుత్వానికి అప్పగిస్తే, ప్రభుత్వం అవి తనవేనంది. చివరికి 2006లో 202 చిత్రాలు వారసులకు తిరిగి ఇచ్చింది. అన్నీ అలా రాలేదు. క్రానాక్ వేసిన ఆదాము, హవ్వ చిత్రాలు పాసడీనాలోని మ్యూజియంలోనే ఉన్నాయి. 2018లో కోర్టు మ్యూజియం పక్షమే తీర్పు చెప్పింది.

"ఇన్నేళ్ళయ్యాక గోడకున్న బొమ్మ కోసం ఎందుకండీ ఇంత తగువు?" అంది మా ఆవిడ. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. తరువాత తట్టింది. ఆసుపత్రిలో రోగి మాట పడిపోయినా కేసుషీటు మాట్లాడుతుంది. ఆ నోటుబుక్కు అలాంటిదే. అది లేకుంటే ఆ బొమ్మలకు తల్లీదండ్రీ లేనట్టే. ఎవరి గోడనున్నవి వాళ్ళవే.

అన్నట్టు, మార్ దెల్ ప్లాతాలో పోలీసులు సోదాకు వెళ్ళేసరికి ఆ గోడ మీద గుర్రాల బొమ్మల తివాచీ ఉంది. కొన్ని రోజులకు, సెప్టెంబరులో, చిత్తరువు న్యాయాధికారుల చేతికి చేరింది.

వాళ్ళ కష్టంతో మన ప్రవాసానికి పోలిక లేదు. మనం విమానమెక్కి మన ఇష్టాన వచ్చాం. అయినా ఆ రాత్రి మేము ఒక కొత్త నోటుబుక్కు తీసి, ఊళ్ళో మా నాయనమ్మ పెట్టెలో ఏమేమున్నాయో రాయబోయాం. నాలుగు వస్తువులు దాటలేదు. ఆదివారం అమ్మకు ఫోన్ చేయాలి.