‘మొదటి’ అను మాట

సిద్ధిపేట ప్రాంతపు పల్లెలలో తల్లి బిడ్డతో “మొదలు బువ్వ తిను, తర్వాత బడికి పో” అనును. అక్కడనే రైతు “చెట్టు మొదట్ల నీళ్ళు పొయ్యి” అనును. తల్లి చెప్పినది వరుస. రైతు చెప్పినది చోటు. మాట మాత్రము ఒక్కటే. ఈ రెండర్థములును ఒకే మాటలో ఎట్లు ఇమిడినవో విచారించుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును ప్రయోజనకరము.

రెండు, మూడు, నాలుగు అను సంఖ్యలకు ‘అవ’ చేరిన రెండవ, మూడవ, నాలుగవ అను రూపము లేర్పడును. ఆ రీతిగనే ఒకటికి ‘ఒకటవ’ అనునది కలదు. ఒకటవ తరగతి, ఒకటవ తేదీ యని లోకము వాడుచున్నది. కాని ఒకటవ కాన్పు, ఒకటవ చూపు అని యెవరును అనరు. మొదటి కాన్పు, మొదటి చూపు అనియే యందురు. కేవలము లెక్కకు ‘ఒకటవ’ చాలును. దేనినుండి తక్కినవి ఆరంభమగునో దానికి ‘మొదటి’ కావలెను.

ఏలన, ‘మొదటి’ సంఖ్యనుండి పుట్టిన మాట కాదు. పగలు ‘పగటి’ అయినట్లు, నాగలి ‘నాగటి’ అయినట్లు, మొదలు ‘మొదటి’ అయినది. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) ఇట్టి ‘టి’ వర్ణమును ఔపవిభక్తికములలో చేర్చినది. మొదలనగా చెట్టు నేలనంటి నిలుచు చోటు. కన్నడమున ‘మొదలు’, తమిళమున ‘ముదల్’ దీని తోబుట్టువులు. తమిళులు వ్యాపారపు పెట్టుబడిని సైతము ‘ముదల్’ అందురు; ‘ముదలాళి’ యను మాట దానినుండి వచ్చినదే. ‘రామాయణము మొదలైన కావ్యములు’ అన్నప్పుడును, రామాయణము మొదలుగా గలవి యనియే భావము.

ఇతర భాషలలోను ఈ స్థానమునకు సంఖ్యతో పొత్తు తక్కువ. సంస్కృతమున ‘ప్రథమ’ శబ్దము ‘ఏక’ నుండి రాలేదు. ఆంగ్లమున ‘ఫస్ట్’ అను మాట ‘వన్’ నుండి రాలేదు. ఆ రెండింటను ముందుండుట యను భావము కలదు. తెలుగువాడు ముందున్నదానిని గాక, అడుగున నిలిచి పై బరువు మోయుదానిని చూచి పేరు పెట్టినాడు.

నేడు బడులలో ‘మొదటివాడు’ అనగా అందరికంటె పైనున్నవాడని అర్థమైపోయినది. పరీక్షాఫలితములు వెలువడగనే మొదటి ర్యాంకుల ఛాయాచిత్రములు వీధి వీధిని వెలయుచున్నవి. చెట్టున పైనుండునది కొన; మొదలు కాదు. మాట యర్థమునుబట్టి చూచిన, బడికి మొదలు ఒకటవ తరగతి. అక్షరములు దిద్దించు ఉపాధ్యాయుని పని పదవ తరగతి ఫలితములకంటె చిన్నదిగా ఎంచుట, మొదట నీరు పోయక కొనను తడుపుటయే యగును. అచ్చట చదువు కుదురుకొనని బాలుడు పై తరగతులలో ఎంత శ్రమించినను తడబడుచునే యుండును. పెద్దలు ‘మొదటికే మోసము’ అన్నది ఇట్టి స్థితినే.

క్రమవాచకములు బోధించునాడు ఉపాధ్యాయుడు పిల్లలను బడి ఆవరణములోని చెట్టు కడకు గొనిపోయి, దాని మొదలు చూపి, ఈ మాట చెప్పవచ్చును. దానికి వేరు ఉపకరణము అక్కరలేదు.